గిఫ్టుగా వచ్చిన కుక్కర్ రీకాల్ అయింది, ఏ కొట్లో కొన్నారో ఎట్లా కనుక్కోవాలి?

కందుకూరు కోడలు

అందరికీ నమస్కారం. ఒక చిక్కులో పడ్డాను, తెలిసినవాళ్ళు చెప్పండి. పోయిన ఏడాది మా గృహప్రవేశానికి మా ఆయన మేనమామ ఐదు లీటర్ల స్టీలు కుక్కర్ చదివించారు. పేరున్న కంపెనీదే, ఇక్కడ రాయను. మొన్న పేపర్లో లోపలి పేజీలో అగ్గిపెట్టె అంత ప్రకటన పడింది: ఫలానా నెలల్లో తయారైన ఐదు లీటర్ల కుక్కర్ల మూతల్లో సేఫ్టీ వాల్వ్ సరిగ్గా లేదు, వాడకండి, కొన్న షాపుకి తీసుకెళ్తే మూత మార్చి ఇస్తారు అని. మా కుక్కర్ బోర్లించి చూస్తే అడుగున కొట్టిన అంకెల్లో సరిగ్గా ఆ నెలే ఉంది. సంవత్సరం నుంచి రోజూ పప్పు దాంట్లోనే ఉడుకుతోంది, తలుచుకుంటేనే టెన్షన్.

సరే, కొన్న షాపుకి తీసుకెళ్దామంటే ఆ షాపు ఏదో మాకు తెలియదు. బిల్లు లేదు, వారంటీ కార్డు మీద ముద్ర లేదు. కందుకూరులో మూడు కొట్లు తిరిగాను. ఒకాయన "మా దగ్గర కొనలేదమ్మా" అన్నాడు, ఇంకొకాయన బిల్లు తెమ్మన్నాడు, మూడో ఆయనైతే అసలు రీకాల్ అంటే ఏందని నన్నే అడిగాడు. కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి చేస్తే "మీ డీలర్‌ని కాంటాక్ట్ చేయండి మేడమ్" అని పెట్టేశారు. ఏ ఏ షాపుల్లో ఆ బ్యాచ్ అమ్మారో లిస్టు ఇవ్వమంటే అలాంటిది ఇవ్వం అన్నారు.

మామయ్యనే అడగొచ్చు కదా అంటారేమో. మీకు మా మామయ్య తెలియదు. "ఎక్కడ కొన్నారు" అంటే చాలు, నేను పెట్టింది నచ్చలేదా, మార్చుకుందామనుకుంటున్నారా అని ఆరు నెలలు మాట్లాడడు. కాబట్టి ఆయన్ని అడగకుండా ఆ కొట్టు ఏదో తెలుసుకునే దారి ఉంటే చెప్పండి. మా ఊరిని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ, పెద్ద సామాన్లు కొనాలంటే మా వాళ్ళందరూ ఇప్పటికీ ఒంగోలే పోతారు, ఆయన ఒంగోలులో కొన్నారో, నెల్లూరులో కొన్నారో, ఇక్కడే కొన్నారో కూడా తెలియదు.

పెన్నా గట్టు

మామయ్యకి ఫోన్ చేసి "కుక్కర్ చాలా బాగుంది, మా చెల్లెలికి కూడా ఒకటి కొనాలి, ఎక్కడ దొరికింది" అని అడగండి. నేను నాలుగు సార్లు ఇట్లాగే బయటపడ్డా.

స్టోన్‌హౌస్‌పేట గుమాస్తా

అమ్మా, ముందు ఆ కుక్కర్ పొయ్యి మీద నుంచి దించండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. విజిల్ గొట్టంలో మెతుకో పప్పు పొట్టో అడ్డం పడి ఆవిరి బయటికి పోలేనప్పుడు ఆ సేఫ్టీ వాల్వే కరిగి దారి ఇవ్వాలి. అది పని చెయ్యకపోతే మూత లేచి పైకప్పుకి కొట్టుకుంటుంది. కొట్టు పేరు తెలిసేదాకా వాడుకుందాం అనుకోవద్దు.

నేను నెల్లూరులో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పదకొండేళ్ళుగా లెక్కలు రాస్తున్నా, వంట సామాన్లే మా లైను. మీరు అడిగిన లిస్టు ఉందా అంటే, ఉంది, కానీ సగమే ఉంది. కంపెనీ నుంచి సరుకు డిపోకి వస్తది, డిపో నుంచి మా బోటోళ్ళకి, మా దగ్గర్నుంచి కొట్లకి. ప్రతి చోటా జీఎస్టీ బిల్లు ఉంటది కాబట్టి ఆ మోడల్ కుక్కర్లు నేను ఏ కొట్టుకి ఎన్ని వేశానో కంప్యూటర్‌లో పది నిమిషాల్లో తీయగలను. ఆత్మకూరు, ఉదయగిరి, కావలి, ఎవరికి ఎన్నో అంతా ఉంటది. అయితే బిల్లులో మోడల్ ఉంటది, సంఖ్య ఉంటది, రేటు ఉంటది. బ్యాచ్ ఉండదు. జనవరి సరుకూ మే సరుకూ గోడౌన్‌లో ఒకే దొంతరలో ఉంటాయి, హమాలీ చేతికి ఏది అందితే అది ఆటో ఎక్కుతది. కొన్ని కంపెనీలు పెట్టె మీద బార్‌కోడ్ స్కాన్ చేసి పంపమంటాయి, వాళ్ళకి మాత్రం ఏ పెట్టె ఏ కొట్టుకి పోయిందో తెలుస్తది. మిగతా వాళ్ళకి తెలియదు.

ఇంక కొట్టు దాటిన తర్వాత అంతా చీకటే. పెళ్ళిళ్ళ సీజన్‌లో పాత్రల కొట్లో జనం మూగి ఉంటే బిల్లు ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు? తెల్ల చీటీ మీద మొత్తం రాసి ఇస్తాడు, బేరం అయిపోయింది.

కంపెనీ లిస్టు ఎందుకు బయట పెట్టదంటే, ఒకటి, పోటీ కంపెనీవాడి సేల్స్‌మన్ ఆ లిస్టు పట్టుకుని అవే కొట్ల చుట్టూ తిరుగుతాడని భయం. రెండు, కొట్టువాళ్ళు ఊరుకోరు. పేపర్లో పేరు పడితే ఆ కొట్లో చెడ్డ సరుకు అమ్ముతారని ఊరంతా అనుకుంటారు, వాడి తప్పేముంది పాపం, సీలు వేసిన డబ్బా అమ్మాడు.

మీకు పనికొచ్చేది చెప్తా. ఆ అట్టపెట్టె ఉందా? పెట్టెకి పక్కన కొట్టువాళ్ళు అతికించే చిన్న రేటు స్టిక్కర్ ఉంటది, దాని మీద రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అది కొన్న ధరకి గుర్తు, ఒక్కో కొట్టువాడికి ఒక్కో గుర్తు. ఆ స్టిక్కర్ ఫొటో పెడితే నెల్లూరు కొట్లయితే నేను పోల్చగలనేమో. పెట్టె లేకపోతే మూత తిరగేసి చూడండి. మన వైపు చదివింపుల సామాను పేరు కొట్టించకుండా ఎవరూ ఇయ్యరు కదా.

డాలస్ అద్దంకి

మాది అద్దంకి దగ్గర, ఇక్కడ డాలస్‌లో పన్నెండేళ్ళు. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను, పోల్చుకోవడానికి. వంటసామాను, బొమ్మలు, ఫర్నిచర్ లాంటివి కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. ప్రతి రీకాల్‌కీ వాళ్ళ సైట్‌లో ఒక పేజీ పెడతారు. ఫొటో, మోడల్ నంబరు వస్తువు మీద ఎక్కడ ఉంటుంది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, అన్నీ ఉంటాయి. "ఎక్కడ అమ్మారు" అని ఒక వరస విడిగా ఉంటుంది, ఫలానా స్టోర్లలో, ఆన్‌లైన్‌లో, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా, ఇంత ధరకి అని. మా ఆవిడ ఒక బేబీ చైర్ గురించి అలాగే కనుక్కుంది.

కానీ ఇక్కడ అంతా బ్రహ్మాండం అనుకోకండి. ఆ వరసలో పెద్ద చైన్ స్టోర్ల పేర్లే ఉంటాయి, చిన్నవాళ్ళని కలిపి "ఇతర స్టోర్లు" అనేస్తారు. మాంసం విషయంలో వ్యవసాయ శాఖ వాళ్ళు 2008 నుంచి తీవ్రమైన రీకాల్స్‌కి దుకాణాల లిస్టు ఊరి పేర్లతో సహా పెడుతున్నారు. మిగతా తిండి పదార్థాలు చూసే ఎఫ్‌డీఏ మాత్రం చాలాకాలం ఆ లిస్టుని కంపెనీ వ్యాపార రహస్యం కిందే లెక్కేసింది. అంటే పై గుమాస్తాగారు చెప్పిన కారణమే ఇక్కడా, సముద్రం దాటినా షావుకారు షావుకారే.

ఒకటి మాత్రం ఇక్కడ గట్టిగా ఉంది. రీకాల్ అయిన వస్తువుని మళ్ళీ అమ్మడం 2008లో వచ్చిన చట్టం ప్రకారం నేరం, సెకండ్ హ్యాండ్ షాపువాళ్ళకి కూడా వర్తిస్తుంది. మనవాళ్ళలో ఒకరికి వచ్చిన గిఫ్టు ఇంకొకరికి తోసేసే అలవాటు గురించి ఏ చట్టమూ ఏమీ చెయ్యలేదనుకోండి.

ఒంగోలు లా పాయింట్

కోడలుగారూ, బిల్లు లేదని ఎవరైనా మిమ్మల్ని వెనక్కి పంపితే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారుడంటే డబ్బిచ్చి కొన్నవాడొక్కడే కాదు, కొన్నవాడి అనుమతితో వాడుకునేవాడు కూడా. అంటే గిఫ్టు తీసుకున్న మీరు కూడా. ఈ ఒక్క ముక్క చాలామందికి తెలియక, కొన్నది మేం కాదు కదా అని వెనక్కి తగ్గుతారు. ఇంకోటి, బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వని వాళ్ళే మళ్ళీ బిల్లేదీ అని అడగడం మన దగ్గరే చూస్తాం. జీఎస్టీలో 200 రూపాయల లోపు సరుకుకి కొనేవాళ్ళు అడగకపోతే బిల్లు ఇవ్వక్కర్లేదు గానీ, ఐదు లీటర్ల స్టీలు కుక్కర్ 200కి ఎక్కడా రాదు.

రీకాల్ అధికారం సంగతికొస్తే, అదే చట్టం కింద 2020 జులైలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వచ్చింది. ప్రమాదకరమైన సరుకుని వెనక్కి రప్పించి డబ్బు ఇప్పించే అధికారం 20వ సెక్షన్‌లో ఉంది. 2022లో దాన్ని వాడింది సరిగ్గా కుక్కర్ల మీదే. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో వాడే కుక్కర్లకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది లేని కుక్కర్లు అమ్మారని రెండు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకి ఆర్డర్లు ఇచ్చింది. ఒకదాని మీద 2,265 కుక్కర్లు, ఇంకోదాని మీద 598. కొన్న ప్రతివాళ్ళకీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వమంది, పైన తలా లక్ష జరిమానా. ఆ మీద ఆ కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి, అది వేరే కథ. నేను చెప్పొచ్చేదేమంటే, అక్కడ 2,265 అని లెక్క కచ్చితంగా చెప్పగలిగారు, ఎందుకంటే ఆన్‌లైన్ వాళ్ళ దగ్గర కొన్న ప్రతివాళ్ళ అడ్రసూ ఫోన్ నంబరూ ఉంటాయి. మన ట్రంక్ రోడ్డు కొట్టుకి ఆ ఆర్డరే వస్తే ఎవరికని ఫోన్ చేస్తాడు? అందుకే ఎక్కడ అమ్మారో లిస్టు బజారు సరుకుకే ఎక్కువ అవసరం, ఇయ్యనిది కూడా బజారు సరుకుకే.

ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వెయ్యొచ్చా అని ఎవరో అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. ప్రభుత్వ ఆఫీసు దగ్గర ఆ లిస్టు ఉంటేనే అది పనికొస్తుంది, కంపెనీని నేరుగా అడగలేం. ఉన్నా ఆ చట్టంలో 8(1)(డి) సెక్షన్ చూపించి వ్యాపార రహస్యం అంటారు. ప్రజాప్రయోజనం ఎక్కువని వాదించొచ్చు, ఆ వాదన నడిచేలోపు మీ పప్పు ఉడకదు.

మీరు చెయ్యాల్సింది 1915కి ఫోన్ చెయ్యడం. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కుక్కర్ అడుగున ఉన్న అంకెలు, పేపర్ ప్రకటన ఫొటో ఇవ్వండి. "ఏ షాపో చెప్పండి" అని అడగకండి. "కంపెనీ ప్రకటన ప్రకారం ఇది లోపమున్న బ్యాచే, షాపుతో సంబంధం లేకుండా మార్చాలి" అని అడగండి. వస్తువే సాక్ష్యం, బిల్లు కాదు. అప్పటికీ దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు, మీరు ఉన్న చోటే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

కావలి మందులాయన

లాయరుగారు చెప్పింది నిజం, షాపు కంటే బ్యాచే ముఖ్యం. మా మందుల లైనులో అదే పద్ధతి. నాణ్యత లేని మందుల లిస్టు కేంద్ర డ్రగ్ కంట్రోల్ సంస్థ ప్రతి నెలా పెడుతుంది, మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీదారు ఉంటారు, ఏ మెడికల్ షాపులో అమ్మారో ఉండదు. అయినా ఇబ్బంది లేదు, మా దగ్గర కొన్న బిల్లులోనూ అమ్మిన బిల్లులోనూ బ్యాచ్ పడుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందు సంగతి తెలుసు కదా, తయారైంది మన పక్కనే కాంచీపురం జిల్లాలో, బ్యాచ్ ఎస్‌ఆర్-13. ఆ వారం మాకు ఒకటే ఫోన్లు. నంబరు కొట్టి చూసి, ఆ బ్యాచ్ మా షాపుకి రాలేదని నిమిషంలో చెప్పగలిగాం. కుక్కర్‌కి కూడా ఆ పాటి లెక్క ఉంటే కోడలుగారు మూడు కొట్లు తిరిగేవారా?

ఇంకోటి. కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థవాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. కొట్టు పేరు రాదు గానీ, అది అసలు ఆ కంపెనీదేనా, ఎవరైనా పేరు అంటించి అమ్మారా అనేది తేలుతుంది.

కందుకూరు కోడలు

అందరికీ థాంక్స్. పెట్టె లేదు, పాతపేపర్లవాడికి వేసేశాం. గుమాస్తాగారు చెప్పారని మూత తిరగేసి లైటు కింద చూశాను. పైన మూత మీద మామయ్య పేరు, మా గృహప్రవేశం తేదీ ఉన్నాయి, అవి మాకు తెలిసినవే. కానీ మూత లోపల, రబ్బరు పెట్టే అంచు పక్కన, చిన్న చిన్న అక్షరాలతో ఇంకో పేరు ఉంది! పొదిలి అని ఊరు, అంతకు ముందు సంవత్సరం వైశాఖంలో తేదీ. ఆ తేదీ మా మామయ్య కూతురి పెళ్ళి తేదీ.

అర్థమైందిగా. డాలస్ అన్నయ్యా, మీ నోట్లో చక్కెర పొయ్య.

స్టోన్‌హౌస్‌పేట గుమాస్తా

హహ్హహ్హ. అమ్మా, ఇంకేం, చదివింపుల పుస్తకం ఉంటది కదా పెళ్ళివాళ్ళ దగ్గర. కుక్కర్ ఎవరు చదివించారో అందులో ఉంటది. దాన్ని బట్టి ఫోన్ నంబరు పట్టుకోండి.

కందుకూరు కోడలు

పుస్తకం మామయ్య బీరువాలోనే ఉంది, అందుకని ఆ పెళ్ళికూతురికే, అంటే మా వదినకే, ఫోన్ చేశాను. ఆమె నవ్వి నవ్వి నంబరు ఇచ్చింది. పొదిలి ఆయన చాలా మంచివాడు, గిఫ్టు మా ఇంట్లో ఎందుకుందని ఒక్క మాట అడగలేదు. ఒంగోలులో ఒక పాత్రల కొట్టు పేరు చెప్పాడు. బిల్లు లేదన్నాడు.

నిన్న కుక్కర్ సంచిలో వేసుకుని బస్సెక్కి ఒంగోలు వెళ్ళాం. కొట్టాయన పెద్దాయన, మొదట బిల్లు అన్నాడు. పేరు కొట్టింది మీ దగ్గరేనా చూడండి అని మూత లోపల చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, పేర్లు కొట్టే కుర్రాడిని పిలిచాడు. వాడు మిషన్ ఆపి వచ్చి "ఇది నా చేతి రాతే, ఈ 'ళ' నేనే ఇట్లా వంచుతా" అన్నాడు. తర్వాత ఒక పొడుగాటి పుస్తకం తెచ్చాడు. పేరు తప్పు కొడితే పాత్ర పాడైపోతుంది కాబట్టి, ఎవరికి ఏ వస్తువు మీద ఏం కొట్టాలో వాళ్ళ చేతే ఆ పుస్తకంలో రాయించుకుంటారట, పక్కన ఫోన్ నంబరు కూడా, తయారయ్యాక పిలవడానికి. ఆ వైశాఖం పేజీల్లో "5 లీ. కుక్కర్" అని తొమ్మిది చోట్ల ఉంది. పొదిలి ఆయనది నాలుగోది.

బిల్లు పుస్తకంలో లేని లెక్క పేర్లు కొట్టే పుస్తకంలో ఉంది! కొట్టాయన నా ముందరే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాడు, కొత్త మూత వారంలో వస్తుందన్నాడు, పాత మూత ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. 1915లో కూడా కంప్లయింట్ పెట్టాను, నంబరు వచ్చింది.

మిగతా ఎనిమిది మందికి ఫోన్ చెయ్యమని అడిగితే ఆయన కొంచెం నసిగాడు, లేనిపోని గొడవ అని. నేను కదలకుండా నిలబడేసరికి కుర్రాడి చేత చేయించాడు. ఐదుగురు ఎత్తారు. అందులో ఇద్దరు మాది కాదు, ఫలానా పెళ్ళిలో చదివించాం అన్నారు, ఆ పెళ్ళివాళ్ళ నంబర్లు తీసుకున్నాం. ఎత్తని ముగ్గురిలో ఒకరిది కనిగిరి, ఒకరిది టంగుటూరు, ఇంకొకరు ఊరు రాయలేదు. 

ఒంగోలు లా పాయింట్

ఆ పేజీ ఫొటో తీశారా? 1915 కంప్లయింట్‌కి జత చెయ్యండి. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, కంపెనీకే ఇవ్వండి. ఎవరికి చెయ్యాలో తెలియదని ఇక కంపెనీ అనలేదు.

పెన్నా గట్టు

అదంతా సరేగానీ, మామయ్యకి తెలిసిందా?

కందుకూరు కోడలు

తీశాను సార్, పంపించాను. మామయ్యకి ఇంకా ఏమీ తెలియదు. కొత్త మూత మీద ఆయన పేరు మళ్ళీ కొట్టించమని మా ఆయన అంటున్నాడు, తేదీ కూడా పాతదే. కుర్రాడు 60 రూపాయలు అడిగాడు.